మేస్త్రీగారి దీవెన

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో మరిచిపోయినవాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు చెబుతాను. ఓష్ పట్నంలో, అక్‌బూరా ఏటి ఒడ్డున లేస్తున్న తొమ్మిదంతస్తుల కట్టడానికి క్రేను నడిపేదాన్ని నేను, బురుల్‌ని. నేను పైన గదిలో కూర్చుంటే, కింద కొక్కేనికి బరువులు తగిలించి నాకు సైగలు చేసేవాడు సగిన్. అంత ఎత్తునుంచి నాకు మనుషులు గింజల్లా కనిపిస్తారు కాబట్టి నా కళ్ళు కూడా అతనే అనుకోండి. ఈదురుగాలి వీస్తున్న పూట సెంట్రింగ్ పలకలు ఎత్తమంటే సగిన్ ఎత్తనివ్వలేదు. సరిగ్గా అప్పుడే కాంట్రాక్టరు ఎర్నిస్, ఫ్లాట్లు కొనడానికి వచ్చినవాళ్ళను వెంటేసుకుని అక్కడ తిరుగుతున్నాడు. "ఈ గాలిలో ఎత్తితే మీ నెత్తిమీదే పడుద్ది, అవతలికి పొండి" అని సగిన్ ఆ కొనేవాళ్ళతోనే చెప్పాడు. వాళ్ళు అవతలికే కాదు, కార్లెక్కి ఇళ్ళకే పోయారు. సాయంత్రానికి సగిన్ గేటు బయట ఉన్నాడు. అతన్ని లోపలికి తీసుకునేదాకా స్లాబు వేసేది లేదని పనివాళ్ళందరం ఒక్క మాటమీద పని ఆపేశాం.

ఒక్క మాటమీద అన్నాను కదా, ఆ మాట ఎర్నిస్ పిలిచి పెట్టిన మధ్యాహ్నం భోజనం దాకా నిలిచింది. ఆ భోజనం గురించే ఈ వారం.

పొద్దున్నే మినీ బస్సులో మా మామగారు పేపరు నా ఒళ్ళో పడేశారు. మా ఊరి పేపర్లో వారానికోసారి కట్టడాల పేజీ వస్తుంది. అందులో మా కట్టడం ఫోటో వేసి, వాతావరణం అనుకూలించక పనులు కాస్త మందగించాయనీ, కార్మికులు మాత్రం ఉరకలేసే ఉత్సాహంతో ఉన్నారనీ రాశారు. ఉత్సాహం నాకు మాత్రం లేదు. ఆ వార్త కిందే ఉద్యోగాల ప్రకటనల్లో ఇంకొకటి కనబడింది: "క్రేను కింద పనికి మనిషి కావలెను. అనుభవం అక్కర్లేదు. చెప్పిన మాట వినేవాడై ఉండాలి."

"అనుభవం అక్కర్లేదంట, చూశారా మావయ్యా!" అన్నాను. బస్సులో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు.

"మెల్లగా మాట్లాడమ్మా."

మా మామగారు మా కట్టడానికి పెద్ద మేస్త్రీ. కాంక్రీటు పని మొత్తం ఆయన చేతి మీదే నడుస్తుంది. వయసులో పెద్ద కాబట్టి ఎర్నిస్‌తో మాట్లాడే బాధ్యత కూడా అందరూ ఆయన నెత్తినే పెట్టారు. మంచి మనిషి. ఎదుటివాడి మొహం చిన్నబోతే చూడలేరు. ఆయనకున్న రోగమంతా అదే, దానికి మందు లేదు.

"మొదట మాట, తర్వాతే తిండి. గుర్తుంది కదా?"

"ఎన్నిసార్లు చెప్తావే? బడికెళ్ళే పిల్లాణ్ణనుకున్నావా?"

"ఏం చెప్తారు?"

"సగిన్ లోపలికొస్తే కాంక్రీటు పైకెళ్తుంది. అంతేగా?"

"అంతే. ఇంకొక్క ముక్క కలపొద్దు. ఎర్నిస్ వాళ్ళ నాన్న ఎట్లా ఉన్నాడని అస్సలు అడగొద్దు."

"ఒక మనిషి కనపడితే తండ్రి బాగోగులు అడక్కపోవడం ఏం మర్యాద?" అని ఆయన నిజంగానే నొచ్చుకున్నారు.

గేటు దగ్గర సగిన్ నిలబడి ఉన్నాడు. రోజూ పనికొచ్చే వేళకే వచ్చి, రోజూ తొడుక్కునే ఆ నారింజ రంగు చొక్కానే తొడుక్కుని, ఊచల అవతల నిలబడుతున్నాడు. కాపలావాడు తలుపు తియ్యడు, అయినా పొమ్మని అనడానికి అతనికీ నోరు రాదు.

లోపల ఎర్నిస్ అప్పటికే గొర్రెను కోయించాడు. పెద్ద కళాయిలో పులావు ఉడుకుతోంది. పనిలేక పడి ఉన్న సెంట్రింగ్ పలకల మీదే కంబళ్ళు పరిచి, నాన్ రొట్టెలు, ఎండు ద్రాక్ష, తేనె సర్ది, పెళ్ళివారికి చేసినట్టు చేశాడు. మేం పని ఆపినవాళ్ళం. ఆ ఏర్పాట్లు చూస్తే మాకెవరికో అబ్బాయి పుట్టాడనుకుంటారు.

"రండి పెద్దాయనా, రండి! మోకాళ్ళెట్లా ఉన్నాయి?" అంటూ ఎర్నిస్ రెండు చేతులతో మా మామగారి చెయ్యి పట్టుకున్నాడు.

"బాగానే ఉన్నాయి నాయనా. నేనొక మాట..."

"కూర్చోండి, కూర్చున్నాక మాట్లాడుకుందాం. మీరు నిలబడితే నేను కూర్చుంటానా?"

మామగారు కూర్చున్నారు. కూర్చున్నాక ఎర్నిస్ రొట్టె తుంచి ఆయన చేతిలో పెట్టాడు. రొట్టె చేతిలో ఉండగా తగవు పెట్టుకోకూడదు కాబట్టి మామగారు తిన్నారు. ఆయన తిన్నారని తక్కినవాళ్ళూ తిన్నారు. మేకులు కొట్టేవాళ్ళు, చువ్వలు వంచేవాళ్ళు, నిన్న పిడికిళ్ళు బిగించి కేకలు వేసినవాళ్ళు అందరూ వేళ్ళు నాకుతున్నారు.

నేను క్రేను నడిపేదాన్ని. నేను ఎక్కకపోతే అక్కడ ఇటుక కూడా కదలదు. అయినా మామగారు కూర్చున్న చోట కోడలు టీ పొయ్యాలి గనక కెటిల్ పట్టుకుని తిరుగుతున్నాను. మా దగ్గర గిన్నెలో సగం పోస్తే గౌరవం, నిండా పోస్తే ఇక దయచెయ్యమని. నేను ఎర్నిస్ గిన్నెను అంచుదాకా నింపాను. కంబళి మీద కూడా ఒలికింది. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు, నవ్వాడు, చక్కగా ఊదుకుంటూ మొత్తం తాగేశాడు. మళ్ళీ గిన్నె చాచాడు.

"మావయ్యా, మాట" అన్నాను, మామగారికి పోస్తూ చెవి దగ్గర.

ఆయన గొంతు సవరించుకున్నారు. అందరూ నమలడం ఆపారు. "ఎర్నిస్ నాయనా, మన సగిన్..."

ఎర్నిస్ అప్పటికే లేచి, వెనక ఉన్న మనిషి చేతిలోంచి నీలం వెల్వెట్ చపాన్ అందుకున్నాడు. అంచు చుట్టూ బంగారు దారంతో కుట్టిన పొడవాటి అంగీ అది. దాన్ని మా మామగారి భుజాల మీద కప్పి, ముందు వైపు సర్ది, "మా నాన్న పోయేముందు చెప్పాడు పెద్దాయనా. 'నా తర్వాత ఆయన్నే నన్ననుకో' అన్నాడు" అంటూ తల వంచాడు.

వాళ్ళ నాన్న పోయినట్టు మా మామగారికి తెలియదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భోజనం అయింది, చపాన్ భుజాల మీద పడింది, ఎదురుగా తల వంచుకున్న మనిషి ఉన్నాడు, చుట్టూ జనం ఉన్నారు. అట్లాంటప్పుడు మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఏం చేస్తారో ఆయనా అదే చేశారు. రెండు అరచేతులూ పైకి తెరిచారు.

"నీ ఇల్లు చల్లగా ఉండాలి. నీ తండ్రి ఆత్మకి శాంతి కలగాలి. నీ కట్టడం నిలబడాలి. నీ చేతికింద పని ఎన్నడూ ఆగకూడదు. ఓమిన్!"

"ఓమిన్!" అన్నారు అందరూ, తథాస్తు అన్నట్టు చేతులతో మొహాలు తుడుచుకుంటూ.

పని ఎన్నడూ ఆగకూడదట! పని ఆపి కూర్చున్న వందమంది ముందు, పని ఆపిన పెద్ద మేస్త్రీ నోటితో! నా చేతుల్లో కెటిల్ ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నేను కూడా అలవాటుగా మొహం తుడుచుకునేదాన్నే. కోపంతో గేటు వైపు తిరిగాను. ఊచల అవతల నిలబడి సగిన్ కూడా తుడుచుకుంటున్నాడు.

ఎర్నిస్ చప్పట్లు కొట్టాడు. "పెద్దాయన దీవించారు, ఇంకేం కావాలి! లేవండన్నలూ, సాయంత్రానికి స్లాబు పడిపోవాలి." తర్వాత తన బావమరిదిని ముందుకు తోశాడు. పేరు బెక్తుర్. కొత్త బూట్లు, కొత్త హెల్మెట్, కొత్త చేతి తొడుగులు. చెప్పిన మాట వినేవాడన్నది చూడగానే తెలిసిపోతోంది.

సిమెంటు బస్తాల వెనక్కి తీసుకెళ్ళి మామగారిని నిలదీశాను. నిలదీయడమంటే నేల చూపులు చూస్తూ అడగడమే. కోడల్ని కదా.

"ఏం చేశారు మావయ్యా?"

"ఏం చేశాను? తిన్నాం, దీవించాను."

"పని ఆగకూడదని దీవించారు!"

"దీవెనంటే అట్లాగే ఉంటుందమ్మా. ఎదుటివాడి పని ఆగిపోవాలని ఎవడన్నా దీవిస్తాడా?"

"మరి సగిన్?"

"చెప్దామనే నోరు తెరిచాను, నువ్వు చూడలేదూ? అంతలో చపాన్ కప్పాడు. కప్పుతుంటే 'ఆగు, ముందు సగిన్ సంగతి తేల్చు' అంటానా? వాళ్ళ నాన్నా నేనూ పటాలంలో ఒకే బారక్‌లో రెండేళ్ళు పడుకున్నాం."

"వాళ్ళ నాన్న గురించి ఎత్తొద్దన్నానా లేదా?"

"నేనెత్తలేదు. వాడే ఎత్తాడు."

నా అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇప్పుడన్నా వెళ్ళి చెప్పండి. సగిన్ రాకపోతే కుదరదని చెప్పండి."

"దీవించిన నోటితోనే కాదనమంటావా?" ఆయన చపాన్ అంచు వేలితో నిమిరారు. "అట్లా చేస్తే ఊళ్ళో మళ్ళీ నా దగ్గరికి దీవెనకెవరొస్తారు? చిన్నపిల్లాడి పేరు పెట్టడానికైనా పిలుస్తారా? సగిన్ సంగతి తర్వాత నేను నెమ్మదిగా మాట్లాడతా. వాడు మంచోడే."

"ఎవడు మంచోడు?"

"ఇద్దరూ."

ఇక ఆయనతో ఏం మాట్లాడతాం? బిష్కెక్ దారిలో లారీ తోలుతున్న మా ఆయనకి ఫోన్ చేశాను. సంగతంతా విని, "మా నాన్నతో వాదం పెట్టుకోకు, బీపీ ఎక్కువవుద్ది" అన్నాడు. ఎవరి బీపీ అని అడిగేలోపు ఘాట్ రోడ్డులో సిగ్నల్ పోయింది.

క్రేను ఎక్కేముందు గేటు దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, పులావు ఎట్లా ఉంది?" అన్నాడు సగిన్.

"నువ్వెందుకురా మొహం తుడుచుకున్నావ్? నీ ఉద్యోగం ఊడగొట్టిన దీవెనకి నువ్వే ఓమిన్ చెప్తావా?"

"పెద్దాయన చేతులెత్తారు కదక్కా. చేతులు ఊరుకుంటాయా?" అని నవ్వాడు. కాసేపటికి ఆ నవ్వు పోయింది. "నువ్వెళ్ళి ఎక్కు. నా మూలాన నీది కూడా పోవద్దు. రెండు మూడు చోట్ల అడిగాను. 'ఎర్నిస్ గెంటేసింది నిన్నేనా' అంటున్నారు. రేపట్నుంచి బజారు మూల నిలబడతాలే."

బజారు మూల అంటే పారలు పట్టుకుని కూలికి నిలబడేవాళ్ళ చోటు. కారు ఆగితే అందరూ మీదపడతారు. నా కొక్కెం కింద ఒక్క మనిషికి గోరు ఊడకుండా ఇన్నేళ్ళు చూసుకున్న సగిన్, గుంటలు తవ్వడానికి అక్కడ నిలబడాలి. కట్టడం పని తెలిసిన ఊళ్ళో ఇంతకంటే సిగ్గు ఏముంటుంది? నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం ఇంకా ఎక్కువవుతుంది.

"రేపటి సంగతి రేపు. సాయంత్రం దాకా ఇక్కణ్ణుంచి కదలకు" అని చెప్పి నిచ్చెన ఎక్కాను.

పైకి వెళ్ళేసరికి సులైమాన్ కొండ వైపునుంచి గాలి మొదలైంది. గది మెల్లగా ఊగుతోంది. వాకీటాకీ తీసి, "కింద ఎవరు?" అన్నాను. ఎవరో నాకు తెలియక కాదు.

"నేనేనక్కా, బెక్తుర్ని. బకెట్ తగిలించాను. కాంక్రీటు నిండా పోశారు. ఎత్తేసెయ్."

కిందికి చూశాను. కాంక్రీటు బకెట్ ఇనుప చట్రం మీద నిలబెట్టి ఉంది. దాని కింద, చట్రం కాళ్ళ మధ్య, కొత్త హెల్మెట్ మెరుస్తోంది.

"నువ్వెక్కడ నిలబడ్డావ్?"

"ఇక్కడే అక్కా, దీని కిందే."

"దాని కింద ఎందుకురా?"

"నీడగా ఉందక్కా."

"బయటికి రా" అంటే బయటికొచ్చాడు. వచ్చి, సరిగ్గా బకెట్ ఊగితే తగిలే చోట నిలబడ్డాడు. ఇంకాస్త పక్కకి జరగమంటే మళ్ళీ నీడలోకే జరిగాడు. చెప్పిన మాట మాత్రం వింటున్నాడు, పాపం.

"నేను ఎత్తను" అన్నాను.

ఈసారి ఎర్నిస్ గొంతు వచ్చింది. "బురుల్ అక్కా, పెద్దాయన దీవెన నీకు వినపడలేదా?"

"నాకు వినపడింది. గాలికి వినపడలేదు."

"కాంక్రీటు గట్టిపడిపోతోంది."

"సగిన్‌ని పిలువు. నీ కాంక్రీటు మెత్తగా ఉండగానే పైకొస్తుంది."

కింద కదలిక కనబడింది. ఎర్నిస్ అరవలేదు. అరిస్తే నాకు బాగుండేది. వాకీటాకీని తీసుకెళ్ళి, రెండు చేతులతో, టీ గిన్నె అందించినంత మర్యాదగా మా మామగారికి అందించాడు. "మీ కోడలికి మీరే చెప్పండి పెద్దాయనా" అనడం నాకు వినిపించింది.

గరగరమని శబ్దం. తర్వాత ఆయన గొంతు. "ఎత్తమ్మా. నలుగురిలో నా పరువు తియ్యకు."

ఇప్పుడు మా క్రేనువాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. నమ్మిన మనిషి కింద ఉండి సైగ చేస్తే మేం మాట్లాడకుండా ఎత్తుతాం. అతన్ని కాదని ఇంకెవరైనా ఎత్తమంటే, ఎత్తమన్న మనిషిని పేరు పెట్టి పిలిచి, 'ఈ బరువు నీదేనా' అని అందరికీ వినపడేలా అడుగుతాం. వాడు అవునంటే, ఆ తర్వాత ఏం జరిగినా వాడిదే పూచీ. నాకు పని నేర్పిన ముసలమ్మ ఇదే ముందు నేర్పింది, బ్రేకు తర్వాత నేర్పింది. సగిన్ ఉన్నన్నాళ్ళూ నాకు ఆ అవసరం రాలేదు.

మా ఇళ్ళ పద్ధతి ఇంకొకటి. కోడలు మామగారి పేరు పలకదు. బతికుండగానూ పలకదు, పోయాక కూడా పలకదు. ఆ పేరే ఉన్న పక్కింటి కుర్రాణ్ణి కూడా నేను 'ఏయ్ అబ్బాయ్' అనే పిలుస్తాను. ఆసుపత్రిలో ఆయనకి చీటీ రాయించడానికి వెళితే, పేరేమిటని నర్సు అడిగినప్పుడు మా అమ్మాయిని ముందుకు తోశాను.

"బురుల్, ఎత్తు" అన్నారు ఆయన మళ్ళీ.

కింద బెక్తుర్ హెల్మెట్ బకెట్ నీడలో మెరుస్తోంది. గేటు ఊచల దగ్గర నారింజ రంగు చొక్కా కదలకుండా ఉంది. నా చెయ్యి వాకీటాకీ మీటను నొక్కి పట్టుకుంది. తప్పించుకునే దారి కోసం వెతికాను. పెద్ద మేస్త్రీ అని పిలిస్తే చాలదా అనుకున్నాను. చాలదు. బరువు పడేది మేస్త్రీ మీద కాదు, మనిషి మీద.

"రయిమ్‌కుల్!" అన్నాను.

కట్టడం మొత్తం మీద ఎన్ని వాకీటాకీలున్నాయో అన్నిట్లోనూ ఆ పేరు మోగింది. చువ్వలు వంచేవాళ్ళ చేతులాగాయి. కళాయి కడుగుతున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు.

"రయిమ్‌కుల్, గాలి ఉంది. బరువు కింద పని తెలియని మనిషున్నాడు. ఎత్తమంటున్నావు. ఈ బరువు నీదేనా? అవునో కాదో అందరికీ వినపడేలా చెప్పు."

నువ్వు అన్నాను. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆయన ముందు ఎన్నడూ కాళ్ళు చాపి కూర్చోనిదాన్ని, నలుగురిలో పేరు పెట్టి, నువ్వు అని, అవునో కాదో చెప్పమన్నాను. ఇక ఈ పూట నుంచి ఆ ఇంట్లో నాకు అన్నం ఉంటుందో లేదో తెలియదు. అయినా మాట వెనక్కి తీసుకోను, తీసుకోలేను.

ఎర్నిస్ ఏదో అంటూ ఆయన చెయ్యి పట్టుకోబోయాడు. మామగారు చెయ్యి విడిపించుకుని, వాకీటాకీని ఇసుకలో పెట్టారు. పారెయ్యలేదు, వంగి జాగ్రత్తగా పెట్టారు. తర్వాత ఎవరి వైపూ చూడకుండా క్రేను దగ్గరికి నడిచారు. నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఆయన నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టేశారు.

ఆ మోకాళ్ళతో ఆయన ఇంట్లో మంచమెక్కడానికే నా భుజం పట్టుకుంటారు. చపాన్‌లోకి గాలి దూరి పక్కకి లాగేస్తోంది. ఒక చేత్తో దాన్ని అదుముకుంటూ, ఒక చేత్తోనే ఊచ పట్టుకుని ఎక్కుతున్నారు. నన్ను కొట్టడానికి వస్తున్నారో, అవును నాదేనని మొహం మీద చెప్పడానికి వస్తున్నారో, కాదని చెప్పడానికి వస్తున్నారో నాకు తెలియదు. కింద మనుషులు పరిగెత్తుకొస్తున్నారు గాని, పైకెక్కే ధైర్యం ఎవరికీ లేదు.

నేను గది తలుపు తోసి, గాలికి తల బయటపెట్టాను. మావయ్యా దిగండి అని అరుద్దామని నోరు తెరిస్తే, పేరే వచ్చింది. ఆయన తలెత్తి నా వైపు చూశారు, పట్టుకున్న ఊచ వదిలారు, పైనున్న ఊచ కోసం చెయ్యి చాచారు.